అడ్వాన్సు కోసం అప్పా? ముందు పీజీలో దిగండి

ప్రశ్న: నా వయసు 25. విజయవాడలో అమ్మానాన్నలతో ఉంటూ నెలకు రూ.38 వేల జీతానికి పనిచేస్తున్నాను. బెంగళూరులో ఏడాదికి రూ.9.6 లక్షల ప్యాకేజీతో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల 20న చేరాలి. మారతహళ్లిలో రూ.24 వేల అద్దెకు సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాను, ఆరు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. అడ్వాన్సుకీ, సామాన్లకీ, కొత్త బైక్‌కీ కలిపి ఒక యాప్‌లో 18 శాతం వడ్డీకి రూ.3 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. బ్యాంకులో రూ.1.40 లక్షలు ఉన్నాయి. ఇంటికి నెలకు రూ.10 వేలు పంపాలి. జీతం 80 వేలు అవుతుంది కాబట్టి మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే రూ.5 వేల సిప్‌ను 15 వేలు చేద్దామనుకుంటున్నాను. లోన్ మూడేళ్లకు తీసుకోమంటారా, ఐదేళ్లకా?

జవాబు: అసలు తీసుకోవద్దు. మొదటిసారి ఊరు మారే కుర్రాళ్లు చాలామంది అచ్చం ఇదే లెక్క వేసుకుంటున్నారు కాబట్టి మీ ప్రశ్నను కాస్త వివరంగానే తీసుకుంటున్నాను.

ముందుగా, మీ చేతికి 80 వేలు రావు. ఆఫర్ లెటర్‌లో జీతం వివరాలున్న పేజీ మళ్లీ తీయండి. వేరియబుల్ పే (పనితీరును బట్టి ఇచ్చే భాగం) 10 శాతం ఉందనుకుంటే రూ.96 వేలు పక్కకు పోతుంది. అది ఏడాది చివర, కంపెనీ ఇస్తేనే. బేసిక్ (మూల వేతనం) రూ.4.8 లక్షలైతే యాజమాన్యం వాటా పీఎఫ్ (భవిష్య నిధి) రూ.57,600, గ్రాట్యుటీ సుమారు రూ.23 వేలు కూడా ప్యాకేజీలోనే కలిపేస్తారు. మీ వాటా పీఎఫ్ మరో రూ.57,600, ప్రొఫెషనల్ ట్యాక్స్ నెలకు సుమారు రూ.200 చొప్పున కోస్తారు. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపు పన్ను పడదు, అదొక్కటే ఊరట. ఇవన్నీ పోగా చేతికందేది నెలకు 60 వేలు.

ఇప్పుడు మీ ప్లాన్ వేసి చూద్దాం. అద్దె 24 వేలు, మెయింటెనెన్స్ రెండున్నర వేలు, మూడేళ్ల లోన్‌కు ఈఎంఐ రూ.10,850, సిప్ 15 వేలు, ఇంటికి 10 వేలు. మొత్తం రూ.62,350. ఇంకా మీరు అన్నం తినలేదు, ఆఫీసుకు వెళ్లలేదు.

ఆ లోన్‌కు మూడేళ్లలో కట్టే వడ్డీ రూ.90 వేల పైమాటే. ఈఎంఐ తగ్గుతుంది కదా అని ఐదేళ్లకు వెళితే వడ్డీ రూ.1.57 లక్షలకు చేరుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం అనుకున్నా జీఎస్టీతో కలిపి రూ.10,620 ముందే పట్టుకుని మిగతాదే ఖాతాలో వేస్తారు. వడ్డీ మాత్రం పూర్తి మూడు లక్షల మీద. వేరొకరి గోడల మధ్య ఉండటానికి కట్టే అడ్వాన్సు కోసం 18 శాతానికి అప్పు చేయడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. క్రెడిట్ కార్డు మీద నగదు తీయడం ఇంకా ఘోరం, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇప్పటికే యాప్‌లో సంతకం చేసేసి ఉంటే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ షరతుల పత్రం) తెరవండి. అందులో కూలింగ్ ఆఫ్ గడువు, అంటే మనసు మార్చుకునే గడువు ఉంటుంది. ఆలోగా అసలూ, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి బయటపడొచ్చు.

అసలు ప్రమాదం మొదటి నలభై రోజుల్లో ఉంది. మీరు చేరేది 20న. చాలా కంపెనీల్లో పేరోల్ కటాఫ్ (ఆ నెల జీతాల లెక్క ముగించే తేదీ) ఆ లోపే అయిపోతుంది కాబట్టి, మొదటి జీతం తర్వాతి నెలాఖరున రెండు నెలలదీ కలిపి పడొచ్చు. కటాఫ్ ఏ తేదీనో హెచ్‌ఆర్‌ను ఈమెయిల్‌లో అడగండి. వీలైతే చేరే తేదీని ఆ కటాఫ్ కంటే ముందు ఉండేలా మార్చమనండి. పాత కంపెనీ ఫైనల్ సెటిల్‌మెంట్ చెప్పిన రోజుకు పడుతుందని నమ్ముకోవద్దు. రీలొకేషన్ ఖర్చు ఇస్తామన్నా ముందు మీరు పెట్టుకుని బిల్లులు చూపిస్తేనే ఇచ్చే కంపెనీలే ఎక్కువ. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలన్న షరతు ఉందేమో చూసుకోండి.

కాబట్టి ఆరు నెలలు పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉండండి. మారతహళ్లిలో మన భోజనం పెట్టే పీజీలు వీధికొకటి. షేరింగ్‌లో భోజనంతో 11 వేలు అనుకుందాం. అడ్వాన్సు ఒక నెలది, రెండు నెలల అద్దె, ప్రయాణం, చేతి ఖర్చులు, ఇంటికి పంపేది... మొదటి జీతం పడేలోపు మొత్తం రూ.58 వేలు అవుతుంది. మీ 1.40 లక్షల్లో 82 వేలు మిగులుతాయి. ఆ తర్వాత పీజీకి 11 వేలు, రాకపోకలకూ చిల్లర ఖర్చులకూ 10 వేలు, ఇంటికి 10 వేలు, బీమా ప్రీమియానికి 2 వేలు పక్కన పెట్టినా నెలకు 27 వేలు మిగలాలి. సిప్ ఈ ఆరు నెలలూ ఆపేయండి. పెంచే మాట తర్వాత.

ఆరు జీతాలకు రూ.1.62 లక్షలు, పాతదానితో కలిపి రూ.2.44 లక్షలు. ఇదే మీ అత్యవసర నిధి. రేపు స్నేహితుడితో కలిసి డబుల్ బెడ్‌రూమ్‌లో ఉన్నప్పుడు మీ తప్పనిసరి ఖర్చు నెలకు సుమారు 41 వేలు ఉంటుంది. ఆరు నెలల ఖర్చు నిధిగా ఉండాలంటే రూ.2.46 లక్షలు, దాదాపు అంతే. నిధిని విజయవాడ ఖర్చుతో కాదు, బెంగళూరు ఖర్చుతో కొలవాలి. అమ్మానాన్నల దగ్గర ఉన్నప్పుడు ఉద్యోగం పోయినా అద్దె అడిగేవారు లేరు. అక్కడ నెల తిరిగేసరికి అడుగుతారు. ప్రొబేషన్‌లో (ఉద్యోగం ఖాయం చేయకముందు) 15 రోజుల నోటీసుతో పంపేసే కంపెనీలూ ఉన్నాయి.

ఇంటి అడ్వాన్సు ఉందిగా, అది నిధే కదా అని చాలామంది వాదిస్తారు. కాదు. అది ఓనరు దగ్గర ఉంటుంది. ఖాళీ చేస్తానని నెలా రెండు నెలల ముందు చెప్పాలి, పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోస్తారు, మిగతాది తాళాలు ఇచ్చాకే. అంటే అవసరం పడిన వారంలో రూపాయి కూడా చేతికి రాదు. క్రెడిట్ కార్డు లిమిట్ కూడా నిధి కాదు, అది మరో అప్పు. నిధిలో 50 వేలు జీతం పడని వేరే బ్యాంకు ఖాతాలో, యూపీఐకి కలపకుండా ఉంచండి. మిగతాది 25 వేల చొప్పున విడివిడి ఎఫ్‌డీలు చేయండి. అవసరమైనప్పుడు ఒక్కదాన్ని రద్దు చేసుకుంటే సరిపోతుంది.

ఫ్లాట్ అడ్వాన్సు కోసం విడిగా కూడబెట్టండి, నిధిని ముట్టొద్దు. 30 వేల ఇల్లు ఇద్దరు పంచుకుంటే అయిదు నెలల అడ్వాన్సులో మీ వాటా 75 వేలు. బ్యాంకు ద్వారానే పంపండి, పెయింటింగ్‌కు ఎంత కోస్తారో అగ్రిమెంటులో అంకెతో రాయించండి, దిగేరోజే గోడలూ కుళాయిలూ వీడియో తీసి ఓనరుకు వాట్సాప్ చేయండి.

ఆరోగ్య బీమా: కంపెనీ పాలసీలో అమ్మానాన్నలను చేర్చే అవకాశం ఉంటే చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే ఎంచుకోవాలి, దాటితే ఏడాది ఆగాల్సి రావొచ్చు. మీకు సొంతంగా ఒక పాలసీ ఇప్పుడే తీసుకోండి. ఉద్యోగం పోతే కంపెనీ కవరూ పోతుంది.

పాత పీఎఫ్ తీసుకోవద్దు, బదిలీ చేయించుకోండి. కొత్త బైక్ కూడా వద్దు. ఇంట్లో పాత బండి ఉంటే పెట్రోలు పూర్తిగా తీయించి, ఆర్‌సీ కాపీతో రైల్లో పార్సిల్ చేయండి. 12 నెలలకు మించి అక్కడే తిప్పేటట్టయితే మన ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని కర్ణాటక నంబరు తీసుకోవాలి.