చూపు లేనివాళ్ళ సంఘం నీ చేతికొచ్చింది కదా, అందుకని నాలుగు మాటలు

చెల్లెమ్మా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి మాటలు విన్నాను, రెండోసారి గొంతు విన్నాను. "అంతా బానే ఉంది అన్నయ్యా, జనం కాస్త తగ్గారంతే" అన్నావు గానీ గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది. 20 మంది దాకా వచ్చే సమావేశానికి పోయిన నెల ఏడుగురే వచ్చారంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. నేను 19 ఏళ్ళు ఇలాంటి సంఘమే నడిపాను. ఒకరోజు ముగ్గురమే కూర్చున్నాం, ఆ ముగ్గురిలో ఒకాయన పక్క గదిలో జరిగే ఇంకేదో మీటింగుకి వచ్చి పొరపాటున మా దగ్గర కూర్చున్నాడు.

వచ్చే నెల ఎవరైనా పెద్దమనిషిని పిలిచి ఉపన్యాసం పెట్టిద్దామనుకుంటున్నానన్నావు చూడు, అది మాత్రం ఆపెయ్. ఉపన్యాసాలు వినాలంటే ఇంట్లో ఫోన్ ఉంది. మనవాళ్ళు కర్ర పట్టుకుని బయల్దేరి, రోడ్లు దాటి, మధ్యలో ఎవరినో ఒకరిని బతిమాలుకుని అక్కడిదాకా వచ్చేది చేతికి ఏదో పని, నోటికి నాలుగు కబుర్లు దొరుకుతాయని. మొదటి రెండేళ్ళూ నేనూ నీలాగే అనుకున్నాను. ఒకసారి వచ్చిన అతిథి మా ధైర్యం గురించి గంటసేపు మాట్లాడి, ఫోటో కోసం మమ్మల్ని వరసగా నిలబెట్టించి, "కెమెరా ఇటు, ఇటు" అని ఒక్కొక్కరి భుజాలు పట్టి తిప్పించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి నెల నలుగురు మానేశారు. ఎందుకమ్మా రావట్లేదని ఫోన్ చేస్తే ఒకావిడ, "నలుగురితో మాట్లాడదామని వస్తాను అన్నయ్యా, ఆ రోజంతా ఒకాయనే మాట్లాడాడు" అంది. నేనేం చెప్పగలను?

దానికి బదులు మొదటి పది నిమిషాలు గొంతుల వరస పెట్టు. అంటే ఏమీ లేదు, ఎవరి కుర్చీలోంచి వాళ్ళే పేరు చెప్పి, ఈ వారంలో జరిగిన ఏదో చిన్న ముక్క చెప్పాలి, పక్కవాళ్ళు అందుకోవాలి. మైకు పెట్టకు. మైకు పెడితే అందరి గొంతులూ ఒకే డబ్బాలోంచి వస్తాయి, ఎవరు ఎటు కూర్చున్నారో తెలియక చావాలి. మైకు లేకపోతే తలుపు పక్కన దగ్గే పెద్దాయన, కిటికీ దగ్గర నవ్వుతూ మాట్లాడే అమ్మాయి, మూలన కూర్చుని గొణిగే కుర్రాడు, ఇలా గది మొత్తం బుర్రలో ఒక పటంలా కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరితో మాట్లాడాలన్నా లేచి నేరుగా వాళ్ళ దగ్గరికే వెళ్ళొచ్చు.

అలాగే, లేచి వెళ్ళేవాళ్ళు "నేను వెళ్తున్నా" అని చెప్పి కదలాలి. ఇది చూపున్న వాలంటీర్లకి గట్టిగా చెప్పు, ఎక్కువగా మర్చిపోయేది వాళ్ళే. నేనొకసారి మా అమ్మాయి పరీక్షల గొడవంతా ఒకాయనకి పూసగుచ్చినట్టు చెప్పి, "మీరేమంటారు?" అని అడిగితే, రెండు కుర్చీల అవతల్నుంచి ఎవరో "ఆయన ఎప్పుడో వెళ్ళిపోయారండీ" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళాక మాత్రం నవ్వు రాలేదు. ఇంకోటి, దగ్గరికొచ్చి చేయి పట్టుకుని "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అనేవాళ్ళుంటారు, వాళ్ళకి మొహమాటపడకు, "పేరు చెప్పండి" అనెయ్.

ఇక ఏం చేయించాలన్నది. ఆటలతో మొదలుపెట్టు, నా మాట విను. చదరంగం బోర్డు ఒక్కటి ఉంటే చాలు ఇద్దరు పక్కపక్కన చేరతారు, ఇంకో నలుగురు వాళ్ళ చుట్టూ చేరి సలహాలిస్తారు. మన బోర్డులో నల్లగళ్ళు కాస్త ఎత్తుగా ఉంటాయి, ప్రతి గడిలో ఒక చిల్లు, పావు అడుగున చిన్న మేకు, నల్లపావులకి వేళ్ళకి తెలిసేలా ఒక గుర్తు. వేళ్ళతో బోర్డంతా ఎంతసేపు తడిమినా తప్పులేదు, పావుని చిల్లులోంచి పైకి లాగితేనే ముట్టుకున్నట్టు లెక్క, అప్పుడిక ఆడి తీరాలి. పోటీల్లో ఎత్తులు పైకి చెప్పాలి కదా, నిలువు వరసల అక్షరాల్లో బి, డి, ఇ లాంటివి చెవికి ఒకేలా వినిపిస్తాయని ఆ ఎనిమిది వరసలకీ పేర్లు పెట్టారు: అన్నా, బెల్లా, సీజర్, డేవిడ్, ఈవా, ఫెలిక్స్, గుస్తావ్, హెక్టర్. మా దగ్గర ఒక ముసలాయన ఇంట్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదట, మా దగ్గర మాత్రం "గుస్తావ్ ఐదు!" అని గది అదిరేలా అరిచేవాడు.

పేకముక్కల సంగతి నా సొంత అనుభవం. నాది రేచీకటితో మొదలై, ఏళ్ళ తరబడి చుట్టూ మూసుకుంటూ వచ్చి, చివరికి గొట్టంలోంచి చూసినట్టయి, 41 ఏళ్ళకి అదీ పోయిన కేసు. లూయీ బ్రెయిల్, వేళ్ళతో తడిమి చదివే తన లిపిని 1824లో, పదిహేనేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడే తయారుచేశాడు. ఆరంటే ఆరు చుక్కలు, వాటితో 63 ఆకారాలు. ఆ ఆరు చుక్కలూ రెండేళ్ళపాటు నాకు ఎక్కలేదు. పుస్తకం తెరిస్తే ఇసుక మీద చేయి పెట్టినట్టుండేది. తర్వాత ఎవరో మూలన చుక్కలు పొడిచిన పేకముక్కలు తెచ్చారు, వరసగా మూడాటలు ఓడిపోయాను, రోషానికి వారంలో అంకెలన్నీ వచ్చేశాయి. అందుకే నడివయసులో చూపు పోయినవాళ్ళకి బ్రెయిలీ క్లాసు అని చెప్పకు, భయపడతారు. పేకాట అని చెప్పు.

ఫోన్ నేర్పడం కూడా పెట్టుకో, కానీ ముందు నిలబడి అందరికీ ఒకేసారి చెప్పే పద్ధతి వద్దు. తెర మీదున్నది పైకి చదివే ఫోన్లు పది ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరికీ ఏదీ వినపడదు. ఇద్దరిద్దరిని జతచేసి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టించి, రోజుకి ఒక్క పని. కంప్యూటర్ కావాలన్నవాళ్ళకి అలాగే తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, దాన్ని మొదలుపెట్టిన ఇద్దరూ చూపు లేనివాళ్ళే. నేర్పేవాళ్ళు కూడా మనవాళ్ళయితేనే మేలు. చూపున్నవాళ్ళు "ఆ మూలన నీలం బటన్ నొక్కండి" అంటారు, పాపం అలవాటు.

నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసిన గొడవ ఇంకోటుంది. మీ దగ్గర కూడా లో విజన్ వాళ్ళంతా, అంటే కాస్త కనిపించేవాళ్ళు, ఒకవైపు, టోటల్ వాళ్ళు, అంటే బొత్తిగా కనిపించనివాళ్ళు, ఒకవైపు అయ్యుంటారు. కాస్త చూపున్నవాళ్ళే లెక్కలు రాస్తారు, తలుపు తీస్తారు, సామాన్లు సర్దుతారు, మెల్లగా నిర్ణయాలూ వాళ్ళవే అయిపోతాయి. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు, చేతికి ముందు అందుతుంది కాబట్టి చేస్తారు. దీనికి మందు మాటల్లో లేదు. గోల్‌బాల్ ఆడించి చూడు. రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో పుట్టిన ఆట అది, జట్టుకి ముగ్గురు, లోపల గజ్జెలున్న బంతి, 1.25 కిలోల బరువు. అందరూ కళ్ళకి గంతలు కట్టుకోవాల్సిందే, కొంచెం కనిపించేవాడైనా సరే. గంతలు కట్టాక మా దగ్గర రోజూ అందరికీ దారి చూపించే కుర్రాడు తన గోల్ ఎటుందో తెలియక గుండ్రంగా తిరిగాడు, పుట్టు గుడ్డి అయిన అమ్మాయి బంతి చప్పుడు వినగానే అడ్డంగా పడుకుని ఆపేసింది. ఆ తర్వాత అతను ఆ అమ్మాయిని అడగకుండా ఏ పనీ చేయలేదు. 18 మీటర్ల కోర్టు, అసలు బంతి దొరకకపోతే మామూలు బంతిని గలగలలాడే ప్లాస్టిక్ కవర్లో కట్టి వరండాలో దొర్లించండి, మొదలుపెట్టడానికి అది చాలు. చూసేవాళ్ళు నోరు మూసుకోవాలి, అదొక్కటే కష్టం.

వాలంటీర్లకి మొదటి రోజే నడిపించడం నేర్పు. చేయి పట్టి లాగడం, వెనకనుంచి నెట్టడం కుదరదు. మనమే వాళ్ళ మోచేతికి కాస్త పైన పట్టుకుంటాం, వాళ్ళు అరడుగు ముందు నడుస్తారు, మెట్లొస్తే ఎక్కాలో దిగాలో ఒక్క మాట చెప్తారు, అంతే. ఇంకా, అన్నీ తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళని కాస్త దూరంగా కూర్చోబెట్టు. గ్లాసు అంచు లోపల వేలు పెట్టి, నీళ్ళు నిండేకొద్దీ సన్నబడే చప్పుడు వింటూ తనే పోసుకోవడం ఒకావిడ మా దగ్గరే నేర్చుకుంది. మొదటి నెల సగం బల్ల మీదే పోసింది, తుడిచేది కూడా తనే. మూడో నెలకి పక్కవాళ్ళకి కూడా పోసి ఇచ్చేది.

కొత్తగా చూపు పోయినవాళ్ళొస్తే జాగ్రత్త. సాధారణంగా భార్యో, కొడుకో తీసుకొస్తారు, ఏం అడిగినా వాళ్ళే జవాబు చెప్తారు. ఆ తీసుకొచ్చినవాళ్ళని మెల్లగా బయట వరండాలోకి తీసుకెళ్ళి వాళ్ళ బాధ వినేవాళ్ళని ఒకరిని పెట్టు, వాళ్ళకీ చెప్పుకోవాల్సింది చాలా ఉంటుంది. లోపల ఆయన పక్కన అదే వయసులో చూపు పోయినవాళ్ళని కూర్చోబెట్టు. ధైర్యం చెప్పకండి. గడ్డం ఎలా గీసుకుంటున్నారు, డబ్బులు ఎలా గుర్తుపడుతున్నారు, అలాంటివి మాట్లాడండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

అసలు నీ దగ్గరికి ఏడుగురే రావడానికి కారణం కార్యక్రమాలు కాదేమో కూడా చూసుకో. రానివాళ్ళ జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్, "ఎందుకు రాలేదు" అని కాదు, "ఎలా వస్తున్నారు, ఎలా వెళ్తున్నారు" అని అడుగు. మా దగ్గర ఆరుగురు మానేయడానికి కారణం, సమావేశం చీకటిపడ్డాక ముగియడం, తీసుకెళ్ళేవాళ్ళకి అది కుదరకపోవడం. మాకు చీకటైతే ఏంటని నవ్వుకున్నాం గానీ తీసుకెళ్ళేవాళ్ళకి తేడా ఉంటుంది కదా. గంటన్నర ముందుకి జరిపాం, ఐదుగురు తిరిగొచ్చారు. ఒకే దారిలో వెళ్ళేవాళ్ళని జతలుగా కట్టు, ఇంటికి చేరాక ఒకరికొకరు ఫోన్ చేసుకోమను. మా సంఘంలో స్నేహాలన్నీ ఆ ఫోన్లలోనే పుట్టాయి, నా స్నేహం కూడా. ఆ స్నేహితుడు పోయి నాలుగేళ్ళయింది, ఇప్పటికీ సమావేశం రోజు సాయంత్రం ఫోన్ మోగుతుందేమో అనిపిస్తుంది.

నా చదరంగం బోర్డు నీకు పంపిస్తున్నాను. ఒక నల్లబంటు పోయింది, దాని బదులు పెన్సిల్ ముక్క పెట్టుకుని ఆడేవాళ్ళం, అదీ డబ్బాలోనే ఉంది, చెత్త అనుకుని పారేయకు.

నీ పెద్దన్న