ముందు మీ ట్యాంకు నిండుతోందో లేదో చూడండి

గ్రామసభలో మూడేళ్ళుగా నీళ్ళ సంగతి మొత్తుకున్నా ఫలితం లేదు, మండల మీటింగులో ఎత్తితే పనవుతుందా అని అడిగారు. అవుతుంది గానీ ఎత్తే పద్ధతి ఒకటుంది. నేను 2021 పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచాను. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి దగ్గర ఒక ఊరు. నీళ్ళ గోల మాకు పుట్టుకతో వచ్చిందే.

మొదటి ఏడాది నేనూ మీలాగే అరిచాను. ఊరి చివర కాలనీలో 62 ఇళ్ళు, కుళాయిల్లో నీళ్ళు సన్నగా వస్తాయి. సభకి ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి సర్పంచ్ కుర్చీ ముందు పెట్టారు. గంటసేపు రచ్చ. తర్వాత కార్యదర్శి దగ్గర మినిట్స్ పుస్తకం అడిగి చూస్తే అందులో ఉన్నది రెండే ముక్కలు: "తాగునీటి సమస్యపై చర్చించడమైనది. తగు చర్యలు తీసుకొనవలెనని సభ్యులు కోరినారు." అంతే. ఎక్కడ, ఎంత పైపు, ఏ పద్దు కింద, ఏమీ లేదు. అది చదివి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

ఆ ఏడాదే మండల సర్వసభ్య సమావేశానికి వెళ్ళాను. వార్డు మెంబర్లకి పిలుపు ఉండదు, మా ఎంపీటీసీ (మండల పరిషత్తుకి మేం ఎన్నుకున్న సభ్యుడు) వెంట పడి వెళ్ళి వెనక గోడవారగా కూర్చున్నా. అక్కడ సర్పంచులు శాశ్వత ఆహ్వానితులు మాత్రమే, మాట్లాడొచ్చు గానీ ఓటు లేదు. అందుకని మీరు ఎంపీటీసీని కూడా పట్టుకోవాలి, ఒక్క సర్పంచ్‌నే నమ్ముకుంటే చాలదు. శాఖలవారీగా సమీక్ష నడిచి తాగునీటి వంతు వచ్చేసరికి ఒంటిగంటన్నర అయింది, పక్క గదిలోంచి సాంబారు వాసన. మా ఎంపీటీసీ లేచి "మా ఊరికి కొత్త బోరు కావాలి" అన్నాడు. అందరూ అడిగేది బోరే. గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరు, అదే ఏఈ, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "సార్, మీ ట్యాంకు నిండుతోందా?"

ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. తెలీదు.

మర్నాడు తెల్లారకముందే వెళ్ళి చూస్తే ట్యాంకు నిండి పొర్లిపోతోంది, కింద మడుగులో గేదెలు తాగుతున్నాయి. అంటే నీళ్ళున్నాయి, కాలనీకి చేరడం లేదు. మీరు మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ట్యాంకే నిండకపోతే బోరో, స్కీము నీళ్ళో, ఎండాకాలం ట్యాంకర్లో కావాలి, అది మండలంలో, జిల్లాలో తేలాలి. నిండినా చివరి ఇంటికి రాకపోతే తప్పు పైపుది, వాల్వుది. అది చాలావరకు పంచాయతీ చేతిలో పనే. 15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 దాకా పంచాయతీలకి ఇచ్చిన నిధుల్లో 60 శాతం ఫలానా పనికే వాడాలని ముడిపెట్టినవి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మీ ఊరి లెక్క ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో కనపడుతుంది. పైగా మా వైపు కొత్త బోరంటే ఫ్లోరైడు భయం ఒకటి. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, గేదెలు కడుక్కోవడానికే.

ఆ వారమంతా ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని వీధి వీధీ తిరిగాను, ఒకే బిందెతో. ట్యాంకు పక్క కుళాయి దగ్గర 50 సెకన్లు. రామాలయం వీధిలో రెండు నిమిషాలు. కాలనీ చివర ఏడు నిమిషాల పైనే. అక్కడొక పెద్దమ్మ "బిందెకి జాతకం రాస్తున్నావా ఏంది నాయనా" అని నవ్వింది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జలజీవన్ మిషన్ లెక్కన మనిషికి రోజుకి 55 లీటర్లు రావాలి. కాలనీలో 250 మంది, అంటే 13,750 లీటర్లు. అరగంట నీళ్ళొదిలి ఆపేస్తే ఆ సన్నటి ధారకి ఎన్ని బిందెలు నిండుతాయో మీరే లెక్కేసుకోండి.

తర్వాతి గ్రామసభలో ఈ అంకెలతోనే తీర్మానం రాయించాం: కాలనీకి వెళ్ళే 63 ఎంఎం పైపు తీసి 90 ఎంఎం వేయాలి, మధ్యలో ఒక గేట్ వాల్వు పెట్టాలి, పొద్దున ముందు గంట కాలనీకే వదలాలి. పైపు దగ్గర ఎవరూ కాదనలేదు. ముందు గంట దగ్గరే గొడవ. పెద్ద వీధి వాళ్ళు "మేం పనులకి పోవద్దా" అన్నారు. సర్పంచ్ ఇల్లూ ఆ వీధిలోనే, ఆయన నేల చూపులు చూశాడు. చివరికి రోజు మార్చి రోజు అని ఒప్పుకున్నారు. నాకది సగం ఓటమే, అయినా పుస్తకంలో సంతకాలు పడ్డాయి. ఆ కాగితం పట్టుకుని వెళ్తే ఏఈ పది రోజుల్లో ఎస్టిమేటు వేసిచ్చాడు.

వాల్వు తిప్పే మనిషిని మాత్రం మర్చిపోకండి. మా పంపు ఆపరేటరుకి నాలుగు నెలలు జీతం రాక, తాళంచెవి ఇంట్లో పెట్టి కూలికి పోయాడు. కొత్త పైపు ఉండి కూడా రెండు వారాలు కాలనీ ఎండిపోయింది.

ఇప్పుడు కాలనీ చివర బిందె రెండు నిమిషాల్లో నిండుతోంది. పెద్ద వీధిలో కుళాయికి మోటార్లు తగిలించిన నలుగురు ఇంకా తీయలేదు, దాని మీద నోటీసులు నడుస్తున్నాయి. రేపు పొద్దున ఒకసారి మీ ట్యాంకు చూసొచ్చి ఇక్కడ రాయండి, తీర్మానం ఎలా రాయాలో మా ఊరి నమూనా పెడతాను.