రోమ్ నుంచి పాంపే: పొద్దున బయల్దేరితే రాత్రికి రావచ్చా?

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది పర్లాకిమిడి. మా అబ్బాయి రోమ్‌లో పీజీ చేస్తున్నాడు. మే నెలలో నేను, మావారు, మా అత్తగారు వాడి దగ్గరికి వెళ్తున్నాం. పాంపే చూడాలని మావారికి చిన్నప్పటి నుంచి కోరిక. ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా? అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. మేం శాకాహారులం. అబ్బాయేమో "అక్కడ మొండిగోడలు తప్ప ఏముంటాయి, ఓ గంట చాలు" అంటున్నాడు.
— పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: నిక్షేపంగా వెళ్ళి రావచ్చమ్మా. పాంపే అంటే క్రీ.శ. 79లో వెసువియస్ అగ్నిపర్వతం పేలి బూడిద కింద పూడిపోయిన రోమన్ ఊరు. అది నేపుల్స్ నగరానికి దగ్గర, కాబట్టి ముందు అక్కడికి చేరాలి. రోమ్ నుంచి నేపుల్స్ మన బరంపురం నుంచి భువనేశ్వర్ కన్నా దూరం, విశాఖ కన్నా దగ్గర. అక్కడి స్పీడు రైలు గంటా పది, పదిహేను నిమిషాల్లో దించేస్తుంది. ఈ రైలు టికెట్ ముందుగా కొంటే బాగా చవక, ఆ రోజు కొంటే రెండింతలు కూడా అవుతుంది. కాబట్టి తేదీ ఖాయం కాగానే కొనెయ్యమని అబ్బాయికి చెప్పండి.

నేపుల్స్ పెద్ద స్టేషన్‌లో దిగాక మెట్లు దిగి కింది అంతస్తుకు వెళ్ళాలి. అక్కడి నుంచి చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు ఉంటుంది. సొరెంతో వైపు వెళ్ళేది ఎక్కండి. దీనికి రిజర్వేషన్ లేదు, రద్దీలో నిలబడాల్సి రావచ్చు. జేబుదొంగల బెడద ఉన్న లైను, హ్యాండ్‌బ్యాగు ముందుకు వేసుకోండి. సుమారు నలభై నిమిషాల ప్రయాణం. దిగాల్సిన స్టేషన్ పేరు "పాంపే స్కావి – విల్లా దేయి మిస్తేరి". ఊరి పేరుతో వేరే లైన్లలో వేరే స్టేషన్లు ఉన్నాయి, కాబట్టి పేరు పూర్తిగా చూసుకోండి. స్టేషన్ బయటికి రాగానే "టూర్, టికెట్" అంటూ చుట్టుముడతారు. ఎవరి దగ్గరా ఏమీ కొనొద్దు. పోర్తా మరీనా అనే ద్వారం అక్కడికి నాలుగడుగులే.

ప్రవేశ టికెట్ అధికారిక వెబ్‌సైట్‌లోనే, ఇక్కడి నుంచే కొనుక్కోండి. 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందికి మించి లోపలికి పంపడం లేదు. టికెట్ మీద ఎవరి పేరు వాళ్ళకు ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలి. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం. ఉచితమని ఆ రోజు పెట్టుకుంటే మాత్రం జాతరే. మంగళవారం కూడా వద్దు, ఎందుకో చెబుతాను.

ఇప్పుడు "ఓ గంట చాలు" అన్న మాట. ఏళ్ళ తరబడి బరంపురంలో చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని, ఈ మాట వింటే ఊరుకోలేను. పాంపే ఒక కట్టడం కాదు, ఊరు. మొత్తం 66 హెక్టార్లు, మన లెక్కలో 160 ఎకరాల పైమాట. తవ్వకాలు 1748లో మొదలుపెట్టి ఇప్పటికి మూడింట రెండు వంతులు బయటికి తీశారు. గంటలో చూస్తే మొండిగోడలే కనిపిస్తాయి. అలాగని అంతా చూసెయ్యాలని పరుగులు పెట్టినా అంతే. నాలుగు చోట్లు ఎంచుకుని నిలబడి చూడండి.

మా అమ్మాయి కాపురం నేపుల్స్‌లో ఉన్న రోజుల్లో నేను అక్కడికి తరచుగా వెళ్ళేదాన్ని. ప్రతిసారీ మొదట ఆగే చోటు వీధి మలుపులో ఉండే నీళ్ళ తొట్టె. నాలుగు రాతి పలకలు నిలబెట్టి కట్టిన తొట్టె, దాని వెనక బొమ్మ చెక్కిన నిలువు రాయి, ఆ బొమ్మ నోట్లోంచి నీళ్ళు పడేవి. ఆ రాయికి పక్కన తొట్టె అంచు చూడండి. అంచు నున్నగా, లోపలికి గుంటలా అరిగిపోయి ఉంటుంది. నీళ్ళు తాగేవాళ్ళు అక్కడ ఒక చెయ్యి ఆనించి, వంగి, నోరు పెట్టేవారు. తరాల తరబడి ఊరివాళ్ళ అరచేతులు రాతిని అరగదీశాయి. రాజులు, యుద్ధాలు చదివి చదివి ఉన్న నాకు ఆ అరుగుదల దగ్గర చరిత్ర అంటే ఏమిటో కొత్తగా తెలిసింది. మీవారిని అక్కడ ఐదు నిమిషాలు నిలబెట్టండి.

తరవాత వీధి. అబ్బొందాంజా వీధి అని పొడుగాటి పెద్ద వీధి ఉంటుంది. నడిమధ్య ఎత్తైన రాళ్ళు వరసగా పాతి ఉంటాయి. వీధిలో మురుగు, వాననీరు పారుతుంటే జనం వాటి మీద అడుగులేసుకుంటూ దాటేవారు. మన వీధుల్లో ముసురు పట్టినప్పుడు ఇటుకలు వేసుకుని దాటుతామే, అలాగన్నమాట. ఆ రాళ్ళ మధ్య బండి చక్రాలు పోవడానికి సందులు వదిలారు. ఆ సందుల్లోంచి పోయిన చక్రాలు రాతిబాట మీద లోతుగా గాడులు చేశాయి. అదే వీధిలో వేడి వంటకాలు అమ్మిన కొట్లు ఉన్నాయి. గుంటలున్న అరుగు, ఆ గుంటల్లో దింపిన జాడీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. రొట్టెల దుకాణంలో నల్లటి తిరగలి రాళ్ళు మనిషి నడుమంత ఎత్తున నిలబడి ఉంటాయి, గాడిదల్ని కట్టి తిప్పించేవారు. అలాంటి ఒక దుకాణం పొయ్యిలో 81 రొట్టెలు మాడి బొగ్గై దొరికాయి. పొయ్యిలో పెట్టినవాడు తీసుకునే వేళకు ఊరు లేదు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. అలా మాడిన రొట్టె నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంటుంది. గోడల మీది మంచి మంచి చిత్రాలు, ఇంటి సామాన్లు, నేలమీది రంగురాళ్ళ బొమ్మల్లో గొప్పవి చాలావరకు అక్కడికే చేరాయి. అలెగ్జాండర్, పర్షియా రాజు డేరియస్ ఎదురుపడ్డ పెద్ద యుద్ధచిత్రం 1831లో పాంపేలో ఒక ఇంటి నేల మీద దొరికింది. ఇవాళ ఆ ఇంట్లో ఉన్నది నకలు. పాంపే చూసి మ్యూజియం చూడకుండా రోమ్ వెళ్ళిపోతే సగమే చూసినట్టు. ఆ మ్యూజియానికి మంగళవారం సెలవు, అందుకే ఆ రోజు వద్దన్నాను. పొద్దున ఏడింటికల్లా రోమ్‌లో రైలెక్కితే తొమ్మిదిన్నరకు పాంపే లోపల ఉంటారు. ఒంటిగంట వరకు తిరగండి. నేపుల్స్‌కు వచ్చి తినేసి, స్టేషన్ నుంచి మెట్రో ఒకటో లైన్‌లో "మ్యూజియో" దగ్గర దిగండి. సాయంత్రం వరకు అక్కడ. రాత్రి ఎనిమిది ప్రాంతంలో తిరుగు రైలు పెట్టుకుంటే ఆదరాబాదరా ఉండదు.

ఇక మీ అత్తగారు. దాచకుండా చెబుతాను. ఆ రాతిబాటలు ఎగుడుదిగుడు, పోర్తా మరీనా దగ్గరేమో ఎక్కుడు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అది మంచి దారి కాదు. అవతలి కొసన పియాజ్జా అన్‌ఫితియాత్రో అనే ఇంకో ద్వారం ఉంది. అక్కడి నుంచి చక్రాల కుర్చీలకు, పిల్లల బళ్ళకు కూడా వీలుగా చదును చేసిన దారి 3 కిలోమీటర్లకు పైగా వేశారు. స్టేషన్ నుంచి ఆమెను టాక్సీలో ఆ ద్వారానికి తీసుకెళ్ళండి, మీరంతా కూడా అటే వెళ్ళండి. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి మీరు చూసొచ్చే పని మాత్రం పెట్టుకోకండి. అంత దూరం వచ్చిన మనిషి ఒక వీధయినా నడవాలి. నీడ తక్కువ చోటు, గొడుగు పట్టుకెళ్ళండి. మేలో ఎండ మనలా మండిపోదు, అయినా రాళ్ళ వేడి తెలుస్తుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. లోపల తాగునీటి కుళాయిలు ఉన్నాయి, సీసా ఉంటే చాలు. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, ద్వారం దగ్గర భద్రపరుస్తారు.

తిండికి దిగులు పడకండి, పిజ్జా పుట్టిల్లు నేపుల్సే. మార్గరీటా అంటే టమాటా, చీజ్, తులసి జాతి ఆకు. చీజ్ కూడా వద్దనుకుంటే మరినారా అడగండి. పేరు విని చేప వేస్తారనుకుంటారు చాలామంది. నేపుల్స్ మరినారాలో టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, అంతే. పొద్దున పులిహోర కలిపి డబ్బాలో పట్టుకెళ్ళినా మంచిదే, రైల్లో తినేయవచ్చు.

ప్రశ్న: పాంపేలో లక్ష్మీదేవి విగ్రహం దొరికిందని, అప్పట్లో అక్కడ మన గుడి ఉండేదని వాట్సాప్‌లో వచ్చింది. ఎంతవరకు నిజం?
— పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: బొమ్మ నిజం నాయనా, గుడి అబద్ధం. 1938లో అబ్బొందాంజా వీధి పక్కన ఒక ఇంట్లో ఏనుగు దంతంతో చేసిన స్త్రీమూర్తి దొరికింది. ఎత్తు ఒక జానెడు పైన, సుమారు 24 సెంటీమీటర్లు. మెడ నిండా హారాలు, చేతుల నిండా గాజులు, కాళ్ళకు బరువైన కడియాలు, రెండు పక్కలా ఇద్దరు చెలికత్తెలు. చూడగానే మనమ్మాయే అనిపిస్తుంది. తల మీదుగా కిందికి రంధ్రం తొలిచి ఉంది. అందువల్ల పూజలో పెట్టిన విగ్రహం కాదని, అద్దానికి పిడో, చిన్న బల్లకు కాలో అయి ఉంటుందని పండితుల మాట. లక్ష్మి అని మొదట పేరు పెట్టారు, యక్షి అనేవాళ్ళే ఇప్పుడు ఎక్కువ. అడుగున ఖరోష్ఠి అనే పాత భారతీయ లిపిలో ఒక అక్షరం గుర్తు ఉంది. సరిగ్గా ఇలాంటి దంతపు బొమ్మే మహారాష్ట్రలోని భోకర్‌దన్‌లో తవ్వకాల్లో దొరికింది, అది శాతవాహనుల కాలపు ఊరు. గుడి కట్టుకున్నవాళ్ళు తీసుకెళ్ళిన విగ్రహం అనడానికి ఆధారం లేదు. సరుకుల దారిలో, ఓడల మీద వెళ్ళిన విలాసవస్తువు అనుకోవడమే సబబు.

అందులో తక్కువేముంది? క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత పెద్ద ప్లినీ తన పుస్తకంలో, భారతదేశపు సరుకుల కోసం తమ సామ్రాజ్యం నుంచి ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) వెళ్ళిపోతున్నాయని వాపోయాడు. ఆ పుస్తకంలోనే సముద్రానికి దగ్గరగా ఉండే జనంగా కళింగుల పేరు కూడా రాశాడు. మనవాళ్ళ పేరే అది! మన గంజాం తీరంలోని పాలూరును ప్రాచీన భూగోళ రచయిత టాలమీ చెప్పిన "పలూర" రేవుగా గుర్తిస్తారు. మన సముద్రం సంగతి వాళ్ళకు ఆ కాలంలోనే తెలుసు. ఆ ప్లినీ రోమన్ నౌకాదళానికి అధిపతి. వెసువియస్ పేలినప్పుడు జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకుని బయల్దేరి, పాంపేకు దగ్గర్లోని స్తాబియేలో ప్రాణాలు వదిలాడు. కళింగుల పేరు రాసిన మనిషి ఆ కొండ కిందే పోయాడని చదివిన రోజున నాకు ఇటలీ అంత దూరం అనిపించలేదు.

ఆ బొమ్మ నేపుల్స్ మ్యూజియంలోనే, రహస్య మందిరం అని పిలిచే గదిలో ఉంటుంది. ఆ గదిలో చాలావరకు శృంగార చిత్రాలు, బొమ్మలు, కాబట్టి పిల్లలతో వెళ్ళేవాళ్ళు ముందే తెలుసుకుని వెళ్ళండి. ఇతర దేశాల ప్రదర్శనలకు కూడా ఈ బొమ్మను పంపుతుంటారు. టికెట్ కొనేటప్పుడే "ఇండియా దంతపు బొమ్మ ఉందా?" అని అడగండి.

ప్రశ్న: హైస్కూల్లో సోషల్ చెబుతాను. పాంపే జనం లావాలో చిక్కుకుని రాళ్ళయిపోయారని పిల్లలకు చెప్పడం సరైనదేనా?
— ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: రెండూ కావు మాస్టారూ. పాంపే మీదికి లావా రాలేదు. మొదట గంటల తరబడి తేలికపాటి అగ్నిరాళ్ళు కురిసి ఇళ్ళ కప్పులు కూలాయి. మర్నాడు పొద్దున వేడి బూడిద, వాయువు కలిసిన ప్రవాహం ఊరి మీదికి దూసుకొచ్చింది. మిగిలినవాళ్ళు దానికి బలయ్యారు. శరీరాల చుట్టూ బూడిద గట్టిపడింది, లోపల శరీరం కుళ్ళిపోయి మనిషి ఆకారంలో ఖాళీ మిగిలింది. 1863లో తవ్వకాలు నడిపించిన జుసెప్పే ఫియొరెల్లి ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించి, ఆరాక చుట్టూ ఉన్న బూడిద తొలగించాడు. మనం చూసేది ఆ పోతబొమ్మల్ని. లోపల ఎముకలు మాత్రం అసలువే, కాబట్టి వాటి పక్కన నవ్వుతూ సెల్ఫీలు దిగొద్దని పిల్లలకు చెప్పండి.

ఇంకో మాట. బంగారు కడియం వేసుకుని, ఒళ్ళో బిడ్డతో ఉన్న ఒక బొమ్మను తల్లీబిడ్డలని చాలాకాలం చెప్పుకున్నారు. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశోధనలో ఆ పెద్ద మనిషి మగవాడని, ఆ బిడ్డకు అతనితో రక్తసంబంధం లేదని తేలింది. పాత పుస్తకాల్లో ఇప్పటికీ తల్లి అనే ఉంటుంది.

తేదీ విషయానికొస్తే, పుస్తకాల్లో ఆగస్టు 24 అని చూస్తారు. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన రాత బయటపడింది, దాని తేదీ మన లెక్కలో అక్టోబరు 17కు సరిపోతుంది. బొగ్గు రాత ఎక్కువ కాలం నిలవదు కనుక పేలుడు ఆ తరవాతే జరిగిందని చాలామంది అన్నారు, అయితే ఈ విషయం ఇంకా తేలలేదు. బోర్డు మీద క్రీ.శ. 79 అని రాసి, నెల దగ్గర ఈ గోడ రాత కథ చెప్పండి, పిల్లలు బాగా వింటారు.