ఏడుపు కూడా అంటుకుంటుందా?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మా చెల్లి ఏడుస్తుంటే, నాకేం కాకపోయినా నాకూ ఏడుపొచ్చేస్తుంది. ఏడుపు కూడా జలుబులా అంటుకుంటుందా?
- ఆరో తరగతి విద్యార్థిని, సిద్దిపేట

అంటుకుంటుంది తల్లీ. జలుబు ముక్కులోంచి దూరితే, ఇది కళ్లలోంచీ చెవుల్లోంచీ దూరుతుంది. ఎలాగో నీ ముఖం మీదే చూద్దాం, ఒక అద్దం తెచ్చుకో.

రెండు కనుబొమల మధ్య వేలు ఆనించి కోపంగా చూడు. వేలి కింద చర్మం ముడుచుకుంటుంది, కనుబొమలు దగ్గరికొస్తాయి. అక్కడో చిన్న కండరం ఉంది. ఇప్పుడు వేలిని బుగ్గ మీద పెట్టి నవ్వు. పెదవి చివరను ఎవరో పైకి లాగుతున్నట్టు ఇంకో కండరం బిగుస్తుంది.

స్వీడన్‌లో ఉల్ఫ్ డింబర్గ్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు సరిగ్గా ఈ రెండు కండరాల మీదే ఎలక్ట్రోడ్లు (కండరం కాస్త బిగిసినా పసిగట్టే చిన్న బిళ్లలు) అతికించి ఒక ప్రయోగం చేశారు. 2000లో దాన్ని ప్రచురించారు. తెర మీద నవ్వే ముఖమో, కోపపు ముఖమో 30 మిల్లీసెకన్లు మాత్రమే చూపించి, వెంటనే మామూలు ముఖం చూపించారు. 30 మిల్లీసెకన్లంటే రెప్పపాటు కంటే తక్కువ. మొదటి ముఖం ఒకటి వచ్చి వెళ్లిందని కూడా చూసేవాళ్లకు తెలియలేదు. అయినా నవ్వు ముఖానికి బుగ్గ కండరం, కోపపు ముఖానికి కనుబొమల కండరం ఎక్కువగా స్పందించాయి. చెల్లిని చూసినప్పుడు నీకు జరిగేదీ ఇదే. నువ్వు అనుకునేలోపే నీ ముఖం ఆమె ముఖంలా మారడం మొదలుపెడుతుంది. ముఖం బిగిసి, గొంతు పట్టేసి, ఊపిరి ఎగశ్వాసగా మారితే మెదడుకు ఆ కబురు చేరుతుంది. ఒక్క ముఖం వల్లే ఏడుపంతా రాదు, ముఖం నుంచి వెళ్లే కబురు చిన్నదే. చెల్లి మీద నీకున్న ప్రేమ, ఆమెకేమైందో అన్న భయం దానికి తోడవుతాయి.

ఇది ఎవరూ నేర్పేది కాదు. పుట్టి రెండు మూడు రోజులైన పాపలు కూడా ఇంకో పసిపాప ఏడుపు రికార్డు వింటే ఏడుపందుకుంటారు. యంత్రంతో తయారుచేసిన ఏడుపు వినిపిస్తే అంతగా ఏడవరు. 1971లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ సంగతి తేలింది.

కాబట్టి నీకు ఏడుపు రావడం తప్పు కాదు. వచ్చినప్పుడు ఒకటి చెయ్యి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "ఈ ఏడుపు నాదా, చెల్లిదా?" అని లోపల అడుగు. ముక్కుతో 3 లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, 5 లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదులు. అలా ఐదుసార్లు. గాలి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే వదలడమే ఎక్కువసేపు ఉండాలి. పిల్లలు చేసే పొరపాటు గబగబా పెద్దగా పీల్చేయడం. అలా చేస్తే తల తిరుగుతుంది. నువ్వు కుదుటపడ్డాక చెల్లి పక్కన కూర్చో. అప్పుడు నీ నెమ్మది ఆమెకు అంటుకుంటుంది.

ప్రశ్న: ఆవలింత అంటుకోవడమూ ఇలాంటిదేనా?
- తొమ్మిదో తరగతి విద్యార్థి, నంద్యాల

దగ్గరి చుట్టమే. "ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడు" అని మనవాళ్లు ఎప్పుడో గమనించారు. అయితే ఏడుపులా పుట్టుకతో రాదు. ఒకరిని చూసి ఇంకొకరు ఆవలించడం నాలుగైదేళ్ల వయసు నుంచే బాగా కనిపిస్తుంది. కుక్కలకూ మనుషుల ఆవలింత అంటుకుంటుంది. లండన్‌లో 29 కుక్కలతో చేసి 2008లో ప్రచురించిన ప్రయోగంలో 21 కుక్కలు ఆవలించాయి.

ప్రశ్న: జూన్‌లో కొత్తగా చేరిన పిల్లల్లో ఒక్కరు ఏడుపు మొదలుపెడితే చాలు, కాసేపట్లో గదంతా ఏడుపే. ఏం చేయాలి?
- అంగన్‌వాడీ టీచర్, తుని

టీచర్ గారూ, ముందు మీ గొంతు తగ్గించండి. ఏడుపుల మీదుగా వినబడాలని గట్టిగా "ఊరుకోండి" అన్నప్పుడు పిల్లలకు మాట అందదు, గొంతులోని చిరాకే అందుతుంది. ఏడుపుకు భయం తోడవుతుంది.

ఏడుస్తున్న బిడ్డను ఆయా ఎత్తుకుని వరండాలోకి తీసుకెళ్లాలి. మిగతావాళ్లకు ఆ ముఖం కనబడకుండా, ఆ గొంతు దూరమయ్యేలా చూడటమే దీని ఉద్దేశం. ఒంటరిగా బయట నిలబెడితే మాత్రం లోపలున్నవాళ్లు "తర్వాత నన్నే" అని బెదిరిపోతారు. ఈలోగా మీరు నేల మీద, వాళ్ల కళ్ల ఎత్తున కూర్చుని చప్పట్లతో పాట అందుకోండి. మొదటి రెండు మూడు చరణాలు ఏడుపుల జోరుకు తగ్గట్టు హుషారుగా పాడి, తర్వాత ఒక్కో చరణానికీ వేగం తగ్గించండి. మొదటే జోలపాటలా పాడితే ఎవరూ కలవరు. పాడే నోటికి ఊపిరి దానంతటదే పొడవవుతుంది.

గేటు దగ్గర కళ్లనీళ్లతో నిలబడిపోయే తల్లులకూ చెప్పండి. "అన్నం తిన్నాక వస్తా" అని ఒక్కసారి చెప్పి వెళ్లిపోవాలి. చెప్పకుండా జారుకుంటే మర్నాడు ఏడుపు గుమ్మం దగ్గరే మొదలవుతుంది.

ప్రశ్న: అప్పుల దిగులు మా నాలుగేళ్ల వాడి ముందు ఎప్పుడూ మాట్లాడుకోం. నవ్వుతూనే ఉంటాం. అయినా సరిగ్గా ఆ రోజుల్లోనే వాడు మారాం చేస్తాడు. వాడికెలా తెలుస్తుంది?
- ఒక తల్లి, తణుకు

మాట దాచారు గానీ ముఖం దాగదమ్మా. 1985లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాది వయసు పిల్లల్ని ఒక బల్ల మీద వదిలారు. సగం దూరం వెళ్లాక గాజు పలక కింద చిన్న గుంట ఉన్నట్టు కనిపిస్తుంది. పిల్లలు ఆగి అవతలున్న తల్లి ముఖం చూస్తారు. తల్లి నవ్వు ముఖం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది దాటారు. భయం ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఏడాదికే ఇంత చదవగలిగితే మీవాడికి నాలుగేళ్లు. పెదవి నవ్వుతూ కళ్లు దిగులుగా ఉంటే ఏది నమ్మాలో తెలియక మీ చుట్టూ తిరిగి విసిగిస్తాడు. "ఏమీ లేదు" అనకండి, తన వల్లే అనుకుంటాడు. అప్పుల లెక్కలూ చెప్పకండి, అది వాడు మోయలేని బరువు. దగ్గర కూర్చోబెట్టుకుని ఇంత చెప్తే చాలు: "అమ్మకి ఇవాళ కొంచెం దిగులుగా ఉంది నాన్నా. నీ వల్ల కాదు. నాన్నా నేనూ చూసుకుంటాం. రా, అన్నం తిందాం."