బ్రిటన్ రాజుకు పాస్‌పోర్ట్ లేదన్న మాట నిజమేనా?

నిజమే. బ్రిటన్‌లో పాస్‌పోర్టులన్నీ రాజు పేరు మీదే జారీ అవుతాయి. లోపలి పేజీ తెరిస్తే, ‘ఈ వ్యక్తిని ఏ ఆటంకం లేకుండా వెళ్లనివ్వండి’ అని రాజు పేరిట విదేశాంగ మంత్రి ఇతర దేశాలను కోరుతున్నట్టు ఉంటుంది. మరి తన గురించి తానే సిఫార్సు లేఖ రాసుకోవడమేమిటి? అందుకే చార్లెస్‌కు పాస్‌పోర్ట్ అక్కర్లేదు. రాణి కెమిల్లాకు, యువరాజు విలియమ్‌కు మాత్రం తప్పదు! జపాన్ చక్రవర్తికి కూడా పాస్‌పోర్ట్ ఉండదు. మన పాస్‌పోర్ట్ లోపల కూడా ఇలాంటి విన్నపమే రాష్ట్రపతి పేరుతో ఉంటుంది, ఎప్పుడైనా చదివారా?

సరదాకైతే ఫిన్లాండ్‌ది చూడాలి. 2012లో వచ్చిన డిజైన్‌లో పేజీలు గబగబా తిప్పితే మూస్ అనే పెద్ద జింక నడుస్తున్నట్టు కనిపించేది.

మన దగ్గర చాలామంది పట్టించుకోని విషయం ఇంకోటుంది. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్ట్‌పై సాధారణంగా ‘ఈసీఆర్’ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ముద్ర ఉంటుంది. సౌదీ, కువైట్, ఖతార్ లాంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లు ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పని కోసం దేశం దాటేందుకు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఈ మూడక్షరాల టెన్షన్ బాగా తెలుసు. ఇది లేకుండానే విజిట్ వీసాపై వెళ్లి అక్కడ పనిలో చేరొచ్చని ఏజెంట్ చెబితే మాత్రం నమ్మకండి. ఆ క్లియరెన్స్ పెట్టిందే కార్మికులు మోసపోకుండా ఉండటానికి.