రాత్రి కాచిన రాగి అంబలి పొద్దుటికి తీగలు సాగుతోంది – సమాధానం

తప్పు పిండిది కాదండీ. కాచిన అంబలిని వేడిగానే మూతపెట్టి గట్టుమీద వదిలేశానన్నారు, అదీ కారణం. బాసిల్లస్ జాతి బ్యాక్టీరియా బీజాలు మరిగినా చావవు. మే నెల హైదరాబాద్ వంటింట్లో, పులుపు లేని వెచ్చటి జావ దొరికితే రాత్రంతా వాటికి పండగే.

వరస మార్చండి:

1. రాత్రి పచ్చి పిండినే నీళ్లలో కలిపి, చెంచాడు పుల్లమజ్జిగ వేసి పులియబెట్టండి. అందరూ ఎగ్గొట్టేది ఇదే. పులుపెక్కితే చెడగొట్టేవి తేలిగ్గా పెరగవు. ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడే ఫైటేట్ అనే పదార్థం కూడా తగ్గి ఇనుము బాగా ఒంటబడుతుంది. (మట్టికుండే కావాలనేం లేదు, గాజు సీసా చాలు.)
2. పొద్దున సన్నటి బుడగలు, పుల్లటి వాసన వచ్చాక కాచండి.
3. చల్లారాక మజ్జిగ, ఉల్లిపాయ. ఆ పూటే తాగెయ్యండి.

తీగలు సాగినదాన్ని మళ్లీ మరిగించి తాగొద్దు, ఆ బ్యాక్టీరియా వదిలే కొన్ని విషాలు మరిగినా పోవు. పారబొయ్యండి.