సొంతంగా నేర్చుకునే శక్తిని ప్రశ్నాపత్రంతో కొలవొచ్చా?

ప్రశ్న ఇది: "ఒక మనిషి ఇంకొకరి మీద ఆధారపడకుండా ఎంతవరకు సొంతంగా నేర్చుకోగలడో కొలిచే పరీక్ష ఏదైనా ఉందా? ఉంటే నమ్మొచ్చా?"

ఉన్నాయి, చాలానే ఉన్నాయి. నమ్మొచ్చా అంటే మాత్రం, ఒక మనిషిని పట్టుకుని ఫలానా అని ముద్ర వేసేంతగా నమ్మక్కర్లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు శిక్షణ ఇవ్వడమే నా పని కాబట్టి ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

వీటిలో బాగా వాడుకలో ఉన్నది లూసీ గుగ్లియెల్మినో 1977లో తన డాక్టరేట్ పరిశోధన కోసం తయారుచేసింది. అందులో 58 వాక్యాలు ఉంటాయి. ప్రతి వాక్యం మీ విషయంలో ఎంతవరకు నిజమో అయిదు మెట్లలో ఒకటి ఎంచుకోవాలి. 2001లో ఫిషర్, కింగ్, టేగ్ అనే ముగ్గురు పరిశోధకులు నర్సింగ్ విద్యార్థుల కోసం 40 వాక్యాలతో మరొకటి చేశారు. మొత్తం 200కి 150 దాటితే సొంతంగా నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు లెక్క. చేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు. చిక్కల్లా ఎక్కడంటే, ప్రశ్నలు మన గురించే, జవాబు చెప్పేదీ మనమే. నువ్వు నిజాయితీపరుడివా అని అడిగి, ఆ జవాబుకే మార్కులు వేసినట్టుంటుంది.

ఒక బ్యాచ్ సంగతి చెబుతాను. అప్పుడు మా హెచ్ఆర్ వాళ్లకు ఈ కొలతల పిచ్చి పట్టింది. చేరిన రోజే అందరి చేతా ఇలాంటి పత్రం నింపించారు. ఒకబ్బాయి టకటకా గుండ్రాలు చుట్టేసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. పక్కనున్న అమ్మాయి మాత్రం ఎంతకీ లేవదు. తనకు ఏం తెలియదో తనకు తెలుస్తుందా అన్న అర్థం వచ్చే వాక్యం దగ్గర నాలుగు మీద పెన్సిల్‌తో చుట్టి, చెరిపి, "ఏ సబ్జెక్టులో సార్?" అని అడిగింది. "జనరల్‌గా అమ్మా" అన్నాడు పత్రాలు ఇచ్చిన హెచ్ఆర్ ఆయన. ఆ మాట వినగానే అంతకుముందు చుట్టిన నాలుగులు కూడా చెరిపి మూడులు చేసేసింది.

స్కోర్లు వచ్చాయి. అబ్బాయి అందరికంటే పైన, అమ్మాయి దాదాపు అడుగున. ఆమె పేరు ఎదురుగా "దగ్గరుండి చూసుకోవాలి" అని రాశారు.

తర్వాత అందరికీ ఒక ఎక్సెల్ ఫైలు ఇచ్చాను. నెల ఖర్చుల పట్టిక. కింద వచ్చే మొత్తం రిజిస్టర్లో ఉన్న మొత్తానికి సరిపోవాలి, కానీ సరిపోదు, తక్కువ వస్తుంది. అబ్బాయి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎక్సెల్ వీడియో పాఠాలు మొదటి నుంచి మొదలుపెట్టాడు. రంగుల పెన్నులతో నోట్స్ కూడా రాసుకున్నాడు, చాలా అందంగా ఉంది. ఫైలు మాత్రం ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. అమ్మాయి నాలుగైదు వరుసలు వేరే షీట్లో వేసుకుని, క్యాలిక్యులేటర్ మీద కూడి, తేడా సరిగ్గా ఒక వరుసంత ఉందని పట్టుకుంది. ఆ తర్వాత స్క్రీన్ మీదకి వంగి చూస్తే, మిగతా అంకెలన్నీ గడిలో కుడివైపు ఉన్నాయి, ఆ ఒక్కటి ఎడమ అంచుకు అతుక్కుని ఉంది. లేచి నా దగ్గరికొచ్చి, "సార్, కొన్ని అంకెల్ని ఇది అక్షరాలనుకుని కూడికలో వదిలేస్తోంది. అన్నీ ఒకేసారి మార్చే దారి ఉందా, ఒక్కోటీ మార్చుకోవాలా?" అంది. డేటా మెనూలో ఉందమ్మా చూడు అన్నాను. కూర్చోకుండానే వెళ్లిపోయింది.

హెచ్ఆర్ వాళ్ల షీట్లో "ఎన్నిసార్లు సహాయం అడిగారు" అని ఒక కాలమ్ ఉంది. అమ్మాయికి ఒకటి పడింది. అబ్బాయికి సున్నా. ఆ సున్నాకి మంచి మార్కు!

ఈ కాలమ్ గురించే నా గొడవంతా. అడగకపోవడం గొప్ప అని ఎవరు చెప్పారో గానీ, ఇళ్లలోనూ ఇదే మాట: "మావాడు ఎవర్నీ ఏమీ అడగడండీ, తలుపేసుకుని చదువుకుంటాడు." తలుపు వెనక ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? కెనడాలో అలెన్ టఫ్ అనే పరిశోధకుడు, పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారో వాళ్లనే అడిగి తెలుసుకుని 1971లో రాశాడు. తమ చదువును తామే ప్లాన్ చేసుకునేవాళ్లు కూడా స్నేహితుల్నీ తెలిసినవాళ్లనీ బాగానే అడుగుతారని అందులో తేలింది. ఏం అడగాలో, ఎప్పుడు అడగాలో తేల్చుకోవడం కూడా సొంతంగా చేసే పనే కదా.

ఇక ఆ "జనరల్‌గా" సంగతి. వంటలో ఎవర్నీ అడగని మనిషి ఇన్‌కమ్ టాక్స్ ఫారం ముందు పిల్లాడైపోతాడు. నేర్చుకునేవాళ్లు నాలుగు దశల్లో ఉంటారని 1991లో చెప్పిన జెరాల్డ్ గ్రో కూడా ఒకే మనిషి వేర్వేరు విషయాల్లో వేర్వేరు దశల్లో ఉంటాడనే అన్నాడు. మన గురించి మనం వేసుకునే అంచనా ఎంత దారి తప్పుతుందో 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో చూడొచ్చు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా చెప్పారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. ఆ ధీమానే 58 వాక్యాల మీద టిక్కులుగా పెట్టిస్తే వచ్చే స్కోరు దేన్ని కొలిచినట్టు?

మీరు ఎవరినైనా నిజంగా అంచనా వేయాలనుకుంటే, వాళ్లకు సగమే తెలిసిన పని ఒకటి ఇవ్వండి. ఇంటర్నెట్, పుస్తకాలు, పక్కవాళ్లు, అన్నీ అందుబాటులో ఉంచండి. మొదటిసారి ఇరుక్కున్నాక ఏం చేస్తారో చూసి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్న రాసి పెట్టుకోండి. "రావట్లేదు" అన్నారా, "ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడ ఆగింది" అన్నారా? నాకైతే అది విన్నాక ఇంకే స్కోరూ అక్కర్లేదు. ఆ ప్రశ్నాపత్రాలు తప్పనిసరైతే, కోర్సుకు ముందూ తర్వాతా మొత్తం బ్యాచ్‌కి ఇచ్చి సగటు మారిందేమో చూసుకోండి. ఒక్కొక్కరి పేరు పక్కన ఆ అంకె మాత్రం రాయకండి.